ఇల్లే ప్రయోగశాల: మిడత మోకాలిలోని విల్లు

గత మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒక తల్లి రాసినది మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. తొమ్మిదేళ్ళ ఆమె కుమారుడు వానలు పడిన తరువాత పెరటి గడ్డిలో ఒక మిడతను పట్టుకుని దాని వెనుక కాలికి దారం కట్టాడు. మిడత ఒక్క ఉదుటున ఎగిరింది. దారానికి కాలు మాత్రం మిగిలింది. పిల్లవాడు రెండు రోజులు ముభావంగా ఉండి, ఆ కాలును అగ్గిపెట్టెలో దాచుకుని, మూడవ నాడు తల్లిని రెండు ప్రశ్నలు అడిగాడట. ఆ కాలు మళ్ళీ మొలుస్తుందా? ఇంత సన్నని కాలు అంత దూరం ఎలా ఎగరవేస్తుంది? మొదటిదానికి ఏమని చెప్పాలో తోచక, రెండవదానికి జవాబు తెలియక ఆమె మాకు రాశారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది, చేదైనది. మొలవదు. ఆపదలో చిక్కినపుడు మిడత తన వెనుక కాలును తొడ మొదట్లో తానే విడిచివేయగలదు. అందుకు తగిన చోటు అక్కడ ముందే అమర్చబడి ఉంది. ప్రాణం దక్కుతుంది. అయితే పురుగులకు పోయిన అవయవం తిరిగి రావాలంటే కుబుసం విడవాలి. రెక్కలు పూర్తిగా వచ్చిన మిడత ఇక కుబుసం విడవదు. మిగిలిన ఒక్క పెద్ద కాలితోనే అది బ్రతుకు వెళ్ళదీయాలి. పిల్లవానికి ఈ నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పడమే మేలని మా అభిప్రాయం. “అల్లాహ్ దానికి ఇంకో కాలు ఇస్తాడులే నాయనా” అని ఊరడించడం తేలికే. కానీ మనకు తెలియని సంగతిని అల్లాహ్ పేరిట చెప్పడం ఊరడింపు క్రిందికి రాదు. పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదంటే అతని మనస్సు ఆరోగ్యంగా ఉన్నదని అర్థం. ఆ బాధను తుడిచివేయడానికి తొందరపడకండి.

పురుగులకు దారం కట్టడం మన ఇండ్లలో కొత్త సంగతి కాదు. తూనీగ తోకకు దారం కట్టి గాలిపటంలా ఎగరవేయడం, కప్పపై ఉప్పు చల్లి దాని గంతులు చూడడం ఒకప్పుడు ఊరూరా ఉన్న ఆటలే. ఆ ఆటలు ఆడినవారే నేడు తల్లిదండ్రులై, “పిల్లలు కదా” అని నవ్వి ఊరుకుంటున్నారు. ధర్మం మాత్రం ఇక్కడ నవ్వి ఊరుకోలేదు. కొందరు యువకులు ఒక కోడిని కట్టివేసి దానిపైకి బాణాలు గురిచూసి వేస్తుండగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ దారిన వచ్చారు. ఆయనను చూసి వారు చెదిరిపోయారు. ప్రాణమున్న దానిని గురిగా చేసుకునే వారిని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) శపించారని ఆయన అప్పుడు తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. కప్పను మందులో వాడవచ్చునా అని ఒక వైద్యుడు అడిగినపుడు దానిని చంపవద్దని ప్రవక్త (స) వారించినట్టు అబూదావూద్ గ్రంథంలో ఉంది. మిడత సంగతి కొంత వేరు. దానిని తినడం ధర్మసమ్మతమే. ప్రవక్త (స) వెంట ఆరేడు యుద్ధయాత్రలలో పాల్గొని, ఆ యాత్రలలో మిడతలను ఆహారంగా తీసుకున్నామని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబీ ఔఫా (రజి) చెప్పారు. తినడానికి అనుమతి ఉన్నంత మాత్రాన కాలికి దారం కట్టి వినోదించడానికి అనుమతి ఉన్నట్టు కాదు. ఈ తేడా తొమ్మిదేళ్ళ పిల్లవానికి అర్థమవుతుంది. చెప్పి చూడండి.

ఇక రెండవ ప్రశ్న. దానికి మాటలతో జవాబు చెప్పడం కంటే చేతులతో చెప్పుకోవడం మంచిది. మిడత మోకాలు ఏ ఉపాయంతో పని చేస్తుందో అదే ఉపాయంతో ఎగిరే ఒక అట్టముక్కను ఈ నెల ఇంట్లో తయారు చేద్దాము. దానిని “అట్ట మిడత” అని పిలుద్దాము. కళ్ళూ ముక్కూ గీయనవసరం లేదు; దాని పని ఎగరడమే.

కావలసినవి ఏ ఇంట్లోనైనా ఉంటాయి. కొత్త చొక్కా మడతలో పెట్టే అట్ట అన్నిటికంటే అనువైనది. మిఠాయి పెట్టె మూత కూడా పనికివస్తుంది. పాత పెళ్ళి కార్డుల అట్ట గట్టిగా ఉంటుంది గానీ, వాటిపై బిస్మిల్లాహ్ గాని, అల్లాహ్ నామం గాని ముద్రించి ఉన్నదేమో ముందు చూడండి. ఉంటే ఆ కార్డును ఈ పనికి తీయకండి. కరివేపాకు కట్టకు, సరుకుల పొట్లానికి వేసి ఇచ్చే మామూలు రబ్బరు బ్యాండ్లు నాలుగైదు, అతికించే టేపు, కత్తెర, స్కేలు, పెన్సిలు, ఒక అగ్గిపుల్ల, ఒక రూపాయి నాణెం. అంతే.

అట్ట నుండి 5 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవు గల రెండు ముక్కలు కత్తిరించండి. రెండింటినీ 5 సెంటీమీటర్ల అంచులు ఎదురెదురుగా వచ్చేటట్లు బల్లపై పరచి, నడుమ అర సెంటీమీటరు ఖాళీ విడిచి, పైన ఒక టేపు, తిప్పి క్రింద ఒక టేపు అతికించండి. ఖాళీ విడవకపోతే అట్టలు ఒకదానికొకటి అడ్డుపడి మడత సరిగా కదలదు. ఇప్పుడు పుస్తకం అట్టల్లాగా రెండు వైపులకూ సులభంగా మడిగే కీలు తయారయింది. తరువాత, కీలుకు దూరంగా ఉన్న రెండు చివరి అంచులలోనూ రెండేసి గాట్లు పెట్టండి. మూల నుండి ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి, అర సెంటీమీటరు లోతున. గాటు అంటే ఉత్త కత్తెర గీత సరిపోదు. రబ్బరు కూర్చునేలా చిన్న త్రికోణపు ముక్క తీసివేయాలి. ప్రతి అంచులోనూ రెండు గాట్ల నడుమ ఒక చిన్న నాలుక మిగులుతుంది.

రబ్బరు బ్యాండును ఒక అంచు నాలుకకు తగిలించి, రెండవ అంచు నాలుక వరకు సాగదీసి అక్కడా తగిలించండి. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. రబ్బరు రెండు పోగులూ అట్టకు ఒకే వైపున ఉండాలి. ఒక పోగు పైన, ఒక పోగు క్రింద ఉంటే అట్ట ఎటూ కదలదు. చేతిని విడిచిపెడితే రబ్బరు అంచులను దగ్గరకు లాగి, అట్ట చిన్న గుడారంలా నిలబడుతుంది. గుడారం కప్పు పైకి, రబ్బరు పోగులు లోపలికి. అట్ట మిడత సిద్ధం.

బల్లపై పెట్టి, గుడారం నడుమ గీతను రెండు వ్రేళ్ళతో నెమ్మదిగా క్రిందికి నొక్కండి. అట్ట చదునయ్యే కొద్దీ రబ్బరు సాగుతుంది. వ్రేళ్ళకు ఆ బిగువు తెలుస్తుంది. చప్పున వ్రేళ్ళను ప్రక్కకు జార్చండి. అట్ట గాలిలోకి లేచి, పల్టీ కొట్టి, ఎక్కడో పడుతుంది. మొదటిసారి చూసిన పిల్లలు సాధారణంగా నవ్వుతారు. నవ్వనివ్వండి. పాఠం ఎక్కడికీ పోదు.

కొన్నిసార్లు అట్ట పూర్తిగా చదునై, వ్రేళ్ళు తీసినా కదలక అలాగే పడి ఉంటుంది. ఇది తయారీలోని లోపమని అనుకోకండి. రబ్బరు సరిగ్గా అట్ట వెంటనే పరచుకున్నపుడు అది అంచులను లోపలికి లాగుతుంది గానీ, నడుమ గీతను పైకి లేపడానికి దానికి పట్టు దొరకదు. నడుమ గీత క్రింద బల్లపై ఒక అగ్గిపుల్ల పెట్టి నొక్కితే ఆ కొద్దిపాటి ఎత్తే చాలు, పట్టు దొరుకుతుంది. అగ్గిపుల్ల లేనపుడు కదలని అట్టను పెన్సిలు మొనతో తాకి చూడండి. ఒక్క చిన్న తాకుడుకే ఎగిరిపోతుంది. ఈ వింతను గుర్తుంచుకోండి. మిడత వద్దకు వెళ్ళినపుడు దీనితో పని ఉంది.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. ముఖం అట్టపైకి వంచి ఎవరూ నొక్కకూడదు. వ్రేళ్ళతో గులకరాళ్ళు విసరడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. దానితో వేట దొరకదు, శత్రువు ఓడడు. కన్ను పోవడం, పన్ను విరగడం మాత్రం జరుగుతుందన్నది అందుకు చెప్పబడిన కారణం. రబ్బరు బ్యాండుకూ ఆ మాట వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రయోగం. అట్టను మునుపటిలాగే నొక్కండి. ఈసారి వ్రేళ్ళను జార్చక, నొక్కినంత నెమ్మదిగానే పైకి తీయండి. ఏమయింది? అట్ట వ్రేళ్ళ వెంటే మెల్లగా లేచి మళ్ళీ గుడారంలా నిలబడింది. ఎగరలేదు. రబ్బరు అదే, అది సాగిన దూరమూ అదే, మీరు పెట్టిన శ్రమ కూడా అదే. మొదటిసారి ఆ శ్రమ అంతా రెప్పపాటులో తిరిగి వచ్చింది. రెండవసారి తీరికగా వచ్చింది. ఎగరడానికీ ఎగరకపోవడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఇదే. పిల్లలచేత ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి పదిసార్లు చేయించండి. మేము ఈ నెల శీర్షికలో చెప్పదలచినదంతా ఈ రెండు నొక్కుళ్ళలోనే ఉంది.

కండరానికి ఒక స్వభావం ఉంది. అది బలంగా లాగగలదు, లేదా వేగంగా లాగగలదు. రెండూ ఒకేసారి పూర్తిగా చేయలేదు. చేత్తో విసిరిన గులకరాయి కంటే పంగలకర్రతో వదిలిన గులకరాయి ఎందుకు దూరం పోతుంది? లాగిన చెయ్యి అదే. చెయ్యి నెమ్మదిగా పెట్టిన బలాన్ని రబ్బరు దాచిపెట్టి, ఒక్కసారిగా వదలింది. తెలంగాణ పల్లెలలో గులేరు చేతబట్టిన ప్రతి పిల్లవానికీ ఈ సంగతి చేతికి తెలుసు, నోటికి రాదు. అంతే తేడా.

మిడత మోకాలిలోనూ జరిగేది ఇదే. ఎగరబోయే ముందు మిడత వెనుక కాలును పూర్తిగా ముడుచుకుంటుంది. దాని తొడలో రెండు కండరాలున్నాయి: కాలును చాచేది చాలా పెద్దది, కాలును ముడిచేది చిన్నది. ఎగరబోయే ముందు రెండూ ఒకేసారి లాగుతాయి. పెద్దదే గెలవాలి కదా? గెలవదు. కాలు పూర్తిగా ముడిచి ఉన్న స్థితిలో మోకాలి అమరిక ఎట్టిదంటే, చిన్న కండరానికి మంచి పట్టు దొరుకుతుంది, పెద్దదానికి దాదాపు దొరకదు. చదునుగా పడి ఉండి కదలని మన అట్టలో రబ్బరు పరిస్థితి కూడా అంతే. ఇలా సుమారు అర సెకను పాటు పెద్ద కండరం లాగుతూనే ఉంటుంది, కాలు మాత్రం కదలదు. మరి ఆ శ్రమ ఏమవుతుంది? మోకాలికి ఇరువైపులా నెలవంక ఆకారంలో ఉన్న రెండు గట్టి భాగాలు విల్లులా వంగుతాయి. కండరపు స్నాయుబంధనం సాగుతుంది. శ్రమ వాటిలో నిలవ చేరుతుంది. ఆపైన చిన్న కండరం పట్టు విడుస్తుంది. పెన్సిలు మొన తాకుడు వంటిదే అది. అర సెకనులో కూడిన శక్తి సెకనులో దాదాపు ముప్పయ్యో వంతు కాలంలో విడుదలై, మిడతను సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో నేలనుండి విసరివేస్తుంది. భూతద్దం ఉన్నవారు గడ్డిపోచపై కూర్చున్న మిడతను కదిలించకుండా దాని మోకాలిని చూడండి. ఆ నెలవంకలు కనిపిస్తాయి. అగ్గిపెట్టెలో కాలు దాచుకున్న పిల్లవానికి అవి మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ విల్లు గట్టి పొరతో మాత్రమే చేయబడి ఉంటే కొన్ని గంతులకే పగిలిపోయేది. దానితో కలిసి రబ్బరును పోలిన ఒక మాంసకృత్తు ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త టోర్కెల్ వైస్ ఫో మిడత రెక్కల మొదట్లో దీనిని కనుగొని 1960లో ప్రకటించాడు. రెసిలిన్ అని పేరు పెట్టాడు. వెనుకకు గెంతడం అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుండి తీసుకున్న పేరు అది. కుక్కల, పిల్లుల వెంట్రుకలలో ఉండే, పాఠ్యపుస్తకాలు “ఫ్లీ” అని పిలిచే రెక్కలులేని పురుగు కూడా ఈ రెసిలిన్ బలంతోనే గెంతుతుందని 1967లో బెన్నెట్ క్లార్క్, లూసీ అనే ఇద్దరు వివరించారు. దాని గంతు నేలను విడవడానికి పట్టే సమయం సెకనులో వెయ్యోవంతు దరిదాపు. మొక్కల కాడలపై ఉమ్మివేసినట్టు తెల్లని నురగ కనిపిస్తుంటుంది కదా, ఆ నురగలో పెరిగే పురుగు పెద్దదైన తరువాత 6 మిల్లీమీటర్లే ఉంటుంది. అది 70 సెంటీమీటర్ల ఎత్తు ఎగురుతుందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ బరోస్ 2003లో ప్రకటించాడు. ఇక కప్ప. దాని కాలి కండరం ముందుగా స్నాయుబంధనాన్ని సాగదీస్తుంది. కాలు కదిలేది ఆ తరువాతే. కంగారూ మడమ వెనుక పొడవైన స్నాయుబంధనం ప్రతి గంతులోనూ సాగి, తరువాతి గంతుకు ఆ శక్తిని తిరిగి ఇస్తుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఇన్ని ప్రాణులకు వేర్వేరు చోట్ల, వేర్వేరు వస్తువులతో ఒకే ఉపాయం ప్రసాదించబడింది. సుబ్‌హానల్లాహ్ అని పలకడానికి ఇంతకంటే ఏమి కావాలి?

ఇక్కడ ఒక మాట. మిడతలు, కప్పలు దివ్య ఖుర్ఆన్‌లో ప్రస్తావించబడ్డాయి. ఫిర్ఔను జాతిపైకి పంపబడిన సూచనలలో ఇవి రెండూ ఉన్నట్టు అల్ ఆరాఫ్ సూరా తెలుపుతుంది. సమాధులనుండి లేచి వచ్చే జనాన్ని అల్ ఖమర్ సూరా చెల్లాచెదురైన మిడతలతో పోల్చింది. ఈ ఆయతులలో రెసిలిన్‌ను, మోకాలి విల్లును వెదకే రచనలు అప్పుడప్పుడు మాకు వస్తుంటాయి. వాటిని మేము ప్రచురించము. ఆ ఆయతులు హెచ్చరించడానికి వచ్చాయి. వాటి పని అవి చేస్తాయి. ఒంటెను ఎలా సృష్టించాడో చూడరా అని అల్ గాషియా సూరా అడిగినపుడు చేయవలసినది ఒంటెను చూడడమే. మిడత విషయంలోనూ అంతే. చూడాలి, కొలవాలి, రాసుకోవాలి.

కొలత సంగతికి వద్దాము. గోడకు ఆనించి నిలువుగా ఒక స్కేలు గాని, దర్జీ టేపు గాని అంటించండి. అట్ట మిడతను గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఒకరు నొక్కాలి, ఒకరు కళ్ళను అంచనా ఎత్తుకు దించి చూడాలి, ఒకరు రాయాలి. అట్ట పల్టీలు కొడుతుంది కనుక దాని ఏ భాగమైనా చేరిన అత్యంత ఎత్తును లెక్కించండి. పనులు మార్చుకోవడం మరువకండి. అన్న నొక్కుతూ, చెల్లెలు ప్రతిసారీ మంచం క్రింద నుండి అట్టను ఏరి తెచ్చే ఏర్పాటు మాకు సమ్మతం కాదు. కత్తెర పని పూర్తయిన తరువాత తండ్రిగారు చేతులు వెనుకకు కట్టుకుని కూర్చుంటే ఇంకా మంచిది.

ప్రతి పరీక్షనూ ఐదేసి సార్లు చేయాలి. ఐదు అంకెలను చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా రాసి, నడుమనున్న మూడవదానిని తీసుకోవాలి. 9, 21, 23, 24, 30 వచ్చాయనుకోండి, 23 తీసుకుంటాము. ఆ 9ని చెరిపివేయాలని పిల్లలకు తప్పక అనిపిస్తుంది. “అప్పుడు వ్రేలు సరిగా జారలేదు, అది లెక్కలోకి రాదు” అంటారు. నిజమే కావచ్చు. అయినా రాయాలి, వ్రేలు జారలేదన్న మాటను ప్రక్కన రాయాలి. నోటుపుస్తకంలో రాసే ప్రతి అంకె ఒక సాక్ష్యమే. ఇష్టం లేని సాక్ష్యాన్ని దాచడం పిల్లలకు అలవాటు కాకుండా చూడడం, అట్ట ఎంత ఎత్తు ఎగిరిందన్న దానికంటే మాకు ముఖ్యం. ఈ కారణంగానే, “ఇంత ఎత్తు రావాలి” అని మేము ఏ అంకెనూ ఇక్కడ ఇవ్వడం లేదు. ఇస్తే అదే అంకె అన్ని పుస్తకాలలోనూ వస్తుంది.

ఏమి మార్చి చూడాలి? మొదట సగం మాత్రం నొక్కి వదలండి. తరువాత పూర్తిగా. తరువాత రెండు రబ్బరు బ్యాండ్లు. మూడు వేస్తే ఇంకా ఎత్తు పోవాలి కదా అని పిల్లలు మూడు వేస్తారు. పలుచని అట్ట ఆ బిగువుకు తానే వంగిపోయి, శక్తిలో కొంత ఆ వంపులోనే ఖర్చు కావచ్చు. విల్లుకు తగిన బలం దేహానికి ఉండాలన్న సంగతి అక్కడ బోధపడుతుంది. ఆపైన ఒక రూపాయి నాణేన్ని నడుమ గీత ప్రక్కన టేపుతో అతికించి చూడండి. అదే విల్లు, బరువెక్కిన దేహం. చివరగా బల్ల వదలి, పరుపు మీద పెట్టి వదలండి. ఎత్తు తగ్గుతుంది. ఎగరడమంటే నేలను వెనుకకు తన్నడం. మెత్తని పరుపు ఆ తన్నులో కొంత తాను మింగివేస్తుంది. ఒకేసారి రెండు మార్పులు చేయవద్దు. పరుపు మీద నాణెంతో వదలితే ఎత్తు ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

పెద్ద తరగతుల పిల్లలు ఎత్తునుండి వేగాన్ని లెక్కగట్టవచ్చు. 5 సెంటీమీటర్ల ఎత్తు ఎగిరిన వస్తువు సెకనుకు దాదాపు 1 మీటరు వేగంతో బల్లను విడిచింది. 20 సెంటీమీటర్లు ఎగిరితే 2 మీటర్లు. 45 ఎగిరితే 3, 80 ఎగిరితే 4. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగు రెట్లు. ఇవి గాలి నిరోధం లేనపుడు చెప్పే లెక్కలు. అట్టకు గాలి కొంత అడ్డుపడుతుంది. మీ అట్ట 45 సెంటీమీటర్ల ఎత్తును అందుకుంటే, అది నేలను విడిచే వేగంలో నిజమైన మిడతను అందుకున్నట్టే.

పోటీ పరీక్షల పుస్తకాలలోను, వాట్సాప్ సందేశాలలోను తరచుగా కనిపించే ఒక మాటను ఇక్కడ సరిచేయవలసి ఉంది. “పురుగు తన పొడవుకు వంద రెట్లు ఎగురుతుంది, మనిషి ఆ లెక్కన ఎగిరితే చార్‌మినార్‌ను దాటివేస్తాడు” అనే మాట. వినడానికి బాగుంటుంది, లెక్క నిలబడదు. దేహం పెద్దదైతే కండరమూ పెరుగుతుంది, దానితోపాటు ఎత్తవలసిన బరువూ అదే పాళ్ళలో పెరుగుతుంది. కనుక పెద్ద ప్రాణి గాని, చిన్న ప్రాణి గాని ఎగిరే ఎత్తులో, వాటి పరిమాణంలో ఉన్నంత భేదం ఉండదు. 17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి ఈ సంగతిని గ్రహించాడు. 6 మిల్లీమీటర్ల పురుగు 70 సెంటీమీటర్లు ఎగిరితే, అంతకంటే వందల రెట్లు పొడవైన మనిషి కూడా నిలుచున్న చోటనుండి ఎగిరేది ఇంచుమించు ఆ కొలతలోనే. పురుగు గొప్పతనం పొడవుల లెక్కలో లేదు. అంత చిన్న కాలు నేలను తన్నడానికి దొరికే అతి స్వల్ప సమయంలో ఆ ఎత్తును సాధించడంలో ఉంది. చిన్న కాళ్ళకు విల్లు లేకపోతే ఆ సమయంలో కండరం ఒక్కటే ఏమీ చేయలేదు.

మన కాళ్ళలోనూ దీని నీడ ఉంది. గోడ ప్రక్కన నిలబడి, వ్రేళ్ళకు సుద్ద రాసుకుని, ముందుగా మోకాళ్ళు వంచి మూడు లెక్కపెట్టేదాకా కదలక ఉండి ఎగిరి గోడను తాకండి. రెండవసారి నిటారుగా నిలబడి, చప్పున వంగి వెంటనే ఎగిరి తాకండి. సాధారణంగా రెండవ గుర్తే పైన ఉంటుంది. క్రిందికి వంగేటపుడే కండరానికి బలం పుంజుకునే వ్యవధి దొరకడం ఒక కారణం; స్నాయుబంధనాలు సాగి తిరిగి ముడుచుకోవడం మరొకటి. సున్నం వేసిన గోడపై సుద్ద గుర్తుల గురించి తల్లిగారి అనుమతి ముందే తీసుకోండి.

చివరగా, ఒక వారం పట్టే చిన్న పరీక్ష. ఒకే కట్టనుండి తీసిన రెండు రబ్బరు బ్యాండ్లను ఎంచుకోండి. ఒకదానిని లావుపాటి పుస్తకానికి బిగుతుగా చుట్టి, కిటికీ వద్ద ఎండ తగిలేచోట ఉంచండి. రెండవదానిని అలమరలో వదులుగా పెట్టండి. జుమా నాడు మొదలుపెట్టి మరుసటి జుమా దాకా ఆగండి. తరువాత ఒక్కొక్కదానిని అట్ట మిడతకు వేసి, ఐదేసి సార్లు ఎత్తు కొలవండి. రెండు బ్యాండ్ల పొడవును కూడా స్కేలు ప్రక్కన పెట్టి చూడండి. సాగదీసి ఉంచిన మన రబ్బరు తన పూర్వపు పొడవును కొంత మరచిపోతుంది. వైస్ ఫో పరిశీలించిన రెసిలిన్ చాలాకాలం సాగదీసి ఉంచి విడిచినా తన మొదటి పొడవుకే తిరిగి వచ్చింది. మీ రెండు బ్యాండ్ల అంకెలనూ, పిల్లల దస్తూరితోనే, చెరిపివేతలు లేకుండా మాకు రాసి పంపండి. ఇన్షా అల్లాహ్ వచ్చే నెల శీర్షికలో వాటిని ప్రక్కప్రక్కన ప్రచురిస్తాము.